తాళాలావిడ నోట్లో మాట

ఆదివారం దగ్గరపడే కొద్దీ అక్షరాల బాబాయికి అన్నం సయించడం మానేసింది. అన్నం ఒక్కటే అయితే పోనీలే అనుకోవచ్చు, చెయ్యి కూడా మాట వినడం లేదు. బుధవారం నాడు పళ్ల డాక్టరుగారి బోర్డు మీద ‘పళ్లు కట్టబడును’ అని రాయాల్సినచోట ‘పళ్లు కొట్టబడును’ అని రాసి, చుట్టూ ఎర్ర రంగుతో అంచు కూడా దిద్దేశాడు. అన్న కూతురు చూసింది కాబట్టి సరిపోయింది. లేకపోతే డాక్టరు వచ్చి ఆ మాట ముందు ఈయన మీదే నిజం చేసేవాడు.

“ఏంటి బాబాయ్, ఒంట్లో బాలేదా?”

“కళ్లజోడు మార్చాలి అమ్మడూ,” అన్నాడు. కళ్లజోడు మార్చి నాలుగు నెలలు కాలేదు.

వాళ్లిద్దరిదీ నేమ్‌ప్లేట్ల షాపు. ఆ వీధిలో సగం తలుపుల మీది పేర్లు అక్కడ పుట్టినవే. అమ్మాయి కంప్యూటరు ముందు కూర్చుని అక్షరాలు పేరుస్తుంది, యంత్రం వాటిని స్టిక్కరు కాగితం మీద కోస్తుంది, అక్కర్లేని ముక్కల్ని సూదిమొనతో ఒక్కొక్కటే లేపి పారేసేది బాబాయి. చేత్తో రాసిన బోర్డే కావాలని పట్టుబట్టేవాళ్లు నెలకి ఇద్దరో ముగ్గురో వస్తారు. వాళ్లు వచ్చిన రోజున బాబాయికి పండగ. కుంచె కడిగే తీరు చూస్తేనే తెలిసిపోతుంది.

ఆయన దిగులేమిటో తెలియాలంటే ఇరవై ఎనిమిదేళ్లు వెనక్కి పోవాలి. అప్పట్లో ‘ఇనుపరెక్క’ అని ఒక బొమ్మల కథ వారం వారం వచ్చేది. ఆకాశంలో ఎగిరే వీరుడు, దుమ్ము లేచిపోయే పోరాటాలు. కథ రాసేది కథలాయన. బొమ్మలు గీసేది ఈ అమ్మాయి తండ్రి. బొమ్మల్లో మనుషుల తలల పక్కన మాటల బుడగలుంటాయి చూడండి, వాటిలో అక్షరాలు రాసేది తమ్ముడు, అంటే మన బాబాయి. బుడగ కింద చిన్న తోక ఉంటుంది. ఆ తోక ఎవరి నోటివైపు తిరిగితే ఆ మాట వాళ్లది. బాబాయి పద్ధతి ఏమిటంటే, ముందు పేజీలో మాటలన్నీ రాసేసి, బుడగలన్నీ చుట్టేసి, తోకలు మాత్రం ఆఖర్న ఒక్క ఊపులో తగిలించేవాడు. ఊపులో చేసే పనిలోనే కదా కాలు జారేది.

నూట పదిహేడో సంచికలో ఒక పదకొండంతస్తుల భవనానికి నిప్పంటుకుంది. రెక్క విరిగిన వీరుడు మేడ మీద నిలబడి ఉన్నాడు. ఆ భవనం తాళాలు చూసుకునే నడివయసు మనిషి ఒకావిడ మెట్లెక్కి పైకి వచ్చింది. ఆవిడకి కథలాయన పేరు కూడా పెట్టలేదు. అలా వచ్చి ఇలా పోయే మనిషి. “నువ్వు కిందికి దిగు. మిగతాది నేను చూసుకుంటా.” కథలాయన రాసిచ్చిన కాగితంలో ఈ మాట వీరుడు ఆవిడతో అనాలి. బాబాయి తోకల ఊపులో ఉన్నాడు. వీరుడి మొహం నీడలో ఉంది. ఆవిడ నోరు తెరుచుకుని ఉంది. నోరు తెరిచినవాళ్లే మాట్లాడతారని తోక అటు తిప్పేశాడు. పాపం ఆవిడ నోరు తెరిచింది మాట్లాడ్డానికి కాదు, పదకొండంతస్తులు ఎక్కిన ఆయాసానికి.

అచ్చయి వచ్చాక చూస్తే ఏముంది? చేతిలో తాళాల గుత్తి తప్ప మరే ఆధారమూ లేని ఆవిడ, అంతటి వీరుణ్ని పట్టుకుని ‘నువ్వు దిగు’ అంటోంది. పక్క బొమ్మలో తలుపులన్నీ బార్లా తెరిచి ఉన్నాయి, జనం బయటపడుతున్నారు. కథ ప్రకారం అవి వీరుడు తన్ని తెరిచినవి. చదివినవాళ్లకి మాత్రం ఆవిడే అంతస్తు అంతస్తుకీ దిగుతూ ఒక్కో తాళం తీస్తూ వచ్చినట్టు కనిపించింది. మూడు సంచుల ఉత్తరాలు వచ్చాయి. తాళాలావిడ మళ్లీ ఎప్పుడొస్తుందని ఒకటే గోల. కథలాయన మొదట బిత్తరపోయాడు, తర్వాత ఉత్తరాలు చదివాడు, ఆపైన మీసం సవరించుకుని “నేను అలాగే కదా రాశాను” అన్నాడు. అన్న ఆ సంచిక తిరగేసి పక్కన పెట్టాడు, ఒక్క మాట అనలేదు. గమనించి ఉండడు అనుకున్నాడు తమ్ముడు. అనుకుని, తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాడు.

మూడేళ్లు తిరక్కుండా అన్న జబ్బు చేసి పోయాడు. పిల్లకి అప్పుడు నాలుగేళ్లు. కథలాయన కూడా ఈమధ్యే వెళ్లిపోయాడు. తోక సంగతి తెలిసినవాడు భూమ్మీద తనొక్కడే మిగిలానని బాబాయి లెక్క.

రెండేళ్ల కిందట ఇనుపరెక్క సినిమాగా వచ్చింది. రెండున్నర గంటల సినిమాలో తాళాలావిడ ఉన్నది రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలకే హాల్లో ఈలలు, కేకలు. ఇప్పుడు ఆవిడకి విడిగా ఒక సినిమా తియ్యాలా, లేక వీరుడికే రెండో భాగం తియ్యాలా అని కంపెనీవాళ్లు ఊగిసలాడుతున్నారు. కంపెనీ ఊగుతుంటే అభిమానులు ఊరుకుంటారా? కందకు లేని దురద కత్తిపీటకు ఉన్నట్టు, నాలుగు వేలమంది ఒక గుంపు కట్టి ఫోన్లలో పొద్దస్తమానం కొట్టుకుంటున్నారు. రెక్కలవాళ్లు ఒక పక్షం, తాళాలవాళ్లు ఒక పక్షం. ఆ గుంపుని నడిపే పెద్దమనిషి ఎవరో కాదు, మన అమ్మాయే. కస్టమరు లేనప్పుడల్లా అందులో వచ్చినవి పైకి చదివి బాబాయికి వినిపిస్తుంది. ఆయన ముక్కలు పీకుతూ తీర్పులు చెబుతాడు.

“ఒకావిడ రాసింది బాబాయ్. తాళాలావిడకి ముసుగు పెడితే సినిమా మధ్యలో లేచి వచ్చేస్తుందట.”

“న్యాయమే. ముసుగేసుకుంటే తాళం కన్నం ఎలా కనిపిస్తుంది?”

“ఆవిడ వయసు ఇరవై అయిదుకి దించేస్తారని ఇంకొకాయన బెంగ.”

“ఇరవై అయిదేళ్ల పిల్లకి పదకొండు అంతస్తుల తాళాలు ఎవరిస్తారమ్మా?”

“వీరుడికీ ఆవిడకీ ప్రేమ పెట్టొద్దు, తాళాలకి మాయలూ మంత్రాలూ పెట్టొద్దు. ఈ రెండిట్లో మాత్రం రెండు పక్షాలదీ ఒకటే మాట. చరిత్రలో మొదటిసారి.”

“ఆకాశంలోంచి ఏదైనా రాయి పడి శక్తులు రావడం?”

“ఏమీ పడకూడదు. ఆవిడ మీద ఏమీ పడనివ్వం.” అమ్మాయి నవ్వింది. నవ్వితే అచ్చం అన్నే. బాబాయి సూది పక్కన పెట్టి మంచినీళ్లు తాగాడు.

ఇదంతా బాగానే ఉండేది. పోయిన నెలలో కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. ఆదివారం అభిమానుల్ని పిలిచి వాళ్లు చెప్పేది వింటామనీ, తాళాలావిడ సినిమా ఖాయమైతే ‘ఈ పాత్రని పుట్టించినవారు’ అని తెర మీద అమ్మాయి తండ్రి పేరు వేస్తామనీ అందులో ఉంది. మొదటి సినిమాలో ఆయన పేరు ఆఖర్న, జనం లేచి చెప్పులు వెతుక్కునే వేళకి, చీమంత అక్షరాల్లో వచ్చి పోయింది. ఉత్తరం చదివి వదిన, అంటే అమ్మాయి తల్లి, కళ్లొత్తుకుంది. అమ్మాయి దాన్ని అద్దం వెనక దాచుకుంది.

ఆ సంతోషం వారం నిలవలేదు. రెక్కల పక్షానికి పెద్ద దిక్కు ఒక మందుల షాపాయన. మూతపడిన ప్రెస్సులోంచి పాత కాగితాల కట్టలు కొనుక్కొచ్చి దాచుకునే పిచ్చి ఆయనకి. ఆ కట్టల్లో కథలాయన చేత్తో రాసిన కాగితం దొరికింది. దాని ఫొటో తీసి గుంపులో పెట్టాడు. ‘వీరుడు: నువ్వు కిందికి దిగు. మిగతాది నేను చూసుకుంటా.’ ఇంకేముంది, గుంపు భగ్గుమంది. ఆ మాట వీరుడిదే, ఆవిడకి ఎక్కడో పొరపాటున అంటుకుంది, పొరపాటుకి సినిమా ఏమిటి, పుట్టించినవారి పేరేమిటి అని రెక్కలవాళ్లు ఎగిరారు. అది మొదటి ప్రతి, బొమ్మ వేసేటప్పుడు మా నాన్నే కావాలని మార్చి ఉంటాడు అని అమ్మాయి అడ్డం తిరిగింది. ‘ఉంటాడు’ అంటే చెల్లదు, సాక్ష్యం కావాలి అన్నారు.

“సాక్ష్యం మా ఇంట్లోనే ఉంది,” అని రాసి పడేసింది అమ్మాయి. రాసి, బాబాయి వైపు తిరిగింది. “నువ్వు రావాలి బాబాయ్. ఎక్కువేం వద్దు. మా అన్న కావాలనే అలా గీశాడు అని ఒక్క ముక్క చెప్పు, చాలు. అంతే కదా జరిగింది?”

“ఊఁ,” అన్నాడు బాబాయి.

ఆ ‘ఊఁ’ గొంతులో చేపముల్లులా పడింది. అప్పట్నుంచే అన్నం సయించనిది.

చెప్పాలని చూడకపోలేదు. గురువారం షాపు తెరుస్తూ “అమ్మడూ, ఆ తోక సంగతి…” అన్నాడు. అంతలో ఫ్లాట్ల సంఘం ప్రెసిడెంటు వచ్చి తన పేరు సెక్రటరీ పేరు కంటే పెద్దగా ఉండాలని గంటసేపు కూర్చున్నాడు. శుక్రవారం ఎవరూ రాలేదు, కానీ అమ్మాయి తను మాట్లాడబోయేది చదివి వినిపించింది. అందులో ‘మా నాన్న నాకు గుర్తు లేడు, ఆయన గీసిన ఈ ఆవిడే గుర్తు’ అని ఉంది. ఆ మాట విన్నాక ఏ నోటితో చెబుతాడు?

శనివారం మధ్యాహ్నం ఇంట్లో వదిన ఒక్కతే ఉన్నప్పుడు వంటింటి గడప మీద కూలబడి ఉన్నదంతా కక్కేశాడు. వదిన కూరగాయలు తరగడం ఆపి విన్నది.

“మీ అన్నయ్యకి తెలుసా?”

“తెలీదు వదినా. తెలిస్తే అడిగేవాడు కదా.”

“ఇన్నేళ్లు కడుపులో ఎలా పెట్టుకున్నావయ్యా?” అని, కత్తిపీట పక్కకి జరిపి, “పేరు పడకపోతే పోయె. ఇన్నాళ్లూ పడిందా ఏంటి? కానీ దాని ఆశ చూస్తుంటే నీకు ఏం చెప్పాలో నాకూ తోచడం లేదు” అంది.

నిజానికి బాబాయికి ఇంకో బాధ కూడా ఉంది, అది వదినకీ చెప్పలేదు. జన్మంతా ఒకరు చెప్పిన మాట రాయడమే ఆయన పని. కథలాయన మాటలు, దుకాణాల పేర్లు, ఇళ్లవాళ్ల పేర్లు. ఆయన సొంతంగా చేసింది ఆ ఒక్కటే, అదీ తప్పు. ఆ తప్పుని నాలుగు వేలమంది నెత్తిన పెట్టుకుని ఊరేగుతుంటే ఆయన లోపల ఎక్కడో గర్వపడుతూనే ఉన్నాడు. ఆ గర్వానికి సిగ్గుపడుతూనూ ఉన్నాడు.

ఆదివారం పదింటికి గ్రంథాలయం పై అంతస్తు హాలు నిండిపోయింది. ప్లాస్టిక్ కుర్చీలు చాలక కుర్రకారు కిటికీల్లో కూర్చున్నారు. నడుముకి ఇత్తడి తాళాల గుత్తులు కట్టుకుని పాతికమంది ఆడవాళ్లు వచ్చారు. వాళ్లు కదిలినప్పుడల్లా హాలంతా గలగల. రెక్కలవాళ్లు అట్టముక్కల రెక్కలు తగిలించుకొచ్చి గుమ్మంలో పట్టక పక్కకి తిరిగి లోపలికి వచ్చారు. ముందు వరసలో కంపెనీ ఆవిడ పుస్తకం, పెన్ను పట్టుకుని కూర్చుంది. అందరూ చెప్పేది ఓపిగ్గా రాసుకుంటోంది. ముసుగు వద్దని రాసుకుంది, రాయి పడొద్దని రాసుకుంది. ఒక ముసలాయన లేచి, పాటలు ఎన్ని ఉన్నా ఫరవాలేదు గానీ ఆవిడ చేత డాన్సు చేయించొద్దని దణ్ణం పెట్టాడు.

అమ్మాయి వంతు వచ్చింది. కాగితం చూడకుండా మాట్లాడింది, బాగా మాట్లాడింది. రెక్కలవాళ్లు కూడా అడ్డు తగల్లేదు. ఆఖర్న బాబాయి వైపు చెయ్యి చూపింది.

“కాగితంలో ఏముందో మందుల షాపాయన చూపించారు. బొమ్మ గీసిన అట్ట మీద ఏం జరిగిందో చూసిన మనిషి మా బాబాయి. ముప్పై ఏళ్లకి పైగా రాస్తున్నాడు, ఆ చేత్తో ఒక్క తప్పు పోలేదు. ఆయన చెప్తాడు వినండి.”

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది బాబాయికి. లేచి నిలబడ్డాడు. నాలుక మీద ఆ ఒక్క ముక్క సిద్ధంగానే ఉంది. మా అన్న కావాలనే గీశాడు. నాలుగు మాటలు. జీవితంలో ఎన్ని వేల మాటలు రాయలేదు? కానీ ఎదురుగా అమ్మాయి నమ్మకంగా చూస్తోంది. ఆ నమ్మకం చూశాక ఆయన వల్ల కాలేదు.

“తప్పు పోయిందమ్మా,” అన్నాడు. “ఆ తోక నేను పెట్టింది. ఆవిడ నోరు తెరుచుకుని ఉంటే ఆవిడ మాటే అనుకున్నా. మా అన్నకి ఏమీ తెలీదు. ఆయన గీసింది వీరుడు మాట్లాడే బొమ్మే. భయపడి ఇన్నాళ్లూ చెప్పలేదు. నన్ను క్షమించండి.”

హాల్లో తాళాల గలగల కూడా ఆగిపోయింది. అమ్మాయి మొహం చూడాలనుకున్నాడు, ధైర్యం చాల్లేదు. చూసేసరికి ఆమె తన కుర్చీలో కూర్చుని ఉంది, తల వంచుకుని. అరిచినా బాగుండేది.

మందుల షాపాయన లేచాడు. గెలిచానని చంకలు గుద్దుకుంటాడని అందరూ అనుకున్నారు. ఆయన మాత్రం ఇబ్బందిగా గొంతు సవరించుకుని, సంచిలోంచి పాత గుడ్డలో చుట్టిన పెద్ద అట్ట బయటికి తీశాడు.

“ఆ కాగితంతో పాటు బొమ్మ వేసిన అసలు అట్ట కూడా కట్టలో దొరికింది. అచ్చులో ఉన్నట్టే ఉంది కదా, కొత్తేముందని చూపించలేదు. మీ అన్నయ్యగారిది, మీ దగ్గర ఉండటం మర్యాద. తీసుకోండి.” ఇంకో మాట చేర్చాడు. “అంచు మీద నీలి పెన్సిలుతో ఏవో గీతలున్నాయి. కొలతలనుకున్నా. డాక్టర్ల రాత చదివి చదివి అరిగిపోయిన కళ్లు నావి, నాకే అంతుపట్టలేదు.”

బొమ్మలవాళ్లు అచ్చు వేసేవాళ్లకి ఏదైనా చెప్పాలంటే లేత నీలి పెన్సిలుతో అంచున రాసేవాళ్లు. ఆ రంగు అచ్చులో పడదు. తమ్ముడు పని ముగించి అట్ట ఇస్తే, దాన్ని ప్రెస్సుకి తీసుకెళ్లేది అన్న. ఆ తర్వాత అట్టలు మళ్లీ ఇంటి మొహం చూసేవి కావు. బాబాయి కళ్లజోడు పైకి తోసుకుని, అట్టని కిటికీ వెలుగులోకి తిప్పాడు. ఒక్కసారి చదివాడు. మళ్లీ చదివాడు.

అమ్మాయి ఎప్పుడు లేచి వచ్చిందో, పక్కనే నిలబడి ఉంది. “ఏముంది అందులో?” గొంతులో కోపం ఇంకా ఉంది.

“కొలతలు కాదు.”

“మరేంటో పైకి చదువు.”

“‘తోక తప్పు పడింది,’” అని చదివాడు బాబాయి. “‘దిద్దకండి. ఈ మాట ఆవిడే అంటే బాగుంది, ఆవిడనే అననివ్వండి.’” అక్కడ ఆగిపోయాడు.

“ఇంకో వరస ఉందిగా.”

“ఉంది.”

“చదువు బాబాయ్.”

“‘తమ్ముడికి చెప్పొద్దు. బెంగ పెట్టుకుంటాడు.’”

చదివేసి, అరవై మూడేళ్ల మనిషి అంతమందిలో వెక్కి వెక్కి ఏడ్చాడు. అన్న దగ్గర తను దాచాననుకున్నాడు ఇన్నాళ్లూ. దాచింది అన్న. తెలిసీ తెలియనట్టు సంచిక తిరగేసి పక్కన పెట్టి, మూడేళ్ల పాటు పక్కపక్కన కూర్చుని పని చేసి, ఆ సంగతి తనతోనే తీసుకుపోయాడు.

కంపెనీ ఆవిడ పుస్తకంలో కొత్త పేజీ తిప్పింది. “మరి పుట్టించినవారు అని ఎవరి పేరు రాసుకోమంటారు?” అని మెల్లగా అడిగింది. జవాబు రెక్కల పక్షం నుంచి వచ్చింది, అందులోనూ మందుల షాపాయన నుంచి. “ఇద్దరిదీ రాసుకోండి. ఇంకా చోటుంటే ఆ మూడు సంచుల ఉత్తరాలవాళ్లవి కూడా రాసుకోండి. అందులో నాదీ ఒకటుంది, చిన్నప్పుడు రాశా.” హాలంతా నవ్వింది. సినిమా సంగతి పైవాళ్లకి చెప్పి కబురు చేస్తానంది ఆవిడ.

అమ్మాయి ఇవేవీ వినడం లేదు. ఇంట్లో తండ్రి బొమ్మలు పెట్టెల నిండా ఉన్నాయి. వాటిలోని అక్షరాలన్నీ బాబాయివే. తండ్రి చేత్తో రాసిన వాక్యం ఆమె చూడటం ఇదే మొదలు. ఆ కోడిగీతల మీదికి వంగి చాలాసేపు చూసింది.

“ఇంత ఘోరంగా రాసేవాడా నాన్న?”

“అందుకేగా నన్ను పెట్టుకున్నాడు,” అన్నాడు బాబాయి ముక్కు తుడుచుకుంటూ.

ఆమెకి నవ్వొచ్చింది, దానితో పాటే కళ్లనీళ్లూ వచ్చాయి. కుర్చీ ఒకటి లాక్కుని ఆయన పక్కన కూర్చుంది. అట్టని ఒళ్లో పెట్టుకుని, మొదటి గీత మీద వేలు ఆనించింది.

“మళ్లీ చదువు. ఈసారి నెమ్మదిగా, ఏది ఏ అక్షరమో చూపిస్తూ చదువు.”